బూదెమ్మ కూర్చున్న రంగు

నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నాను సింధూ. లేకపోతే ఇది ఎవరికైనా చెప్పాలని నాకు ఎనభై ఏళ్లలో ఒక్కసారి కూడా తోచలేదు. మొన్న సాయంత్రం మీ పదకొండో అంతస్తులో, కిటికీ గాజుకు ముక్కు ఆనించి మీ పిల్లి కూర్చుంది చూడు, సర్జాపుర రోడ్డు అవతల పొద్దు కుంకేదాకా కదల్లేదు. ఆకాశం ఎర్రబడింది, తర్వాత వంకాయరంగు తిరిగింది, అది చూస్తూనే ఉంది. మీ ఆయన పురుగుల కోసం చూస్తోంది అన్నాడు. నువ్వేమో అదేం కాదు, దానికి అందం తెలుస్తోంది అన్నావు. ఇద్దరూ కాసేపు పోట్లాడుకుని నా వైపు తిరిగి "అవ్వా, నువ్వు చెప్పు, పిల్లులకు అందం తెలుస్తుందా?" అని అడిగారు. నేను కాఫీ తాగుతున్నాను. నాకేం తెలుసమ్మా అన్నాను. ఇప్పుడేమో ఫోను పట్టుకుని ఎదురుగా కూర్చుని "ఏదో దాస్తున్నావు, చెప్పు, టైప్ చేసుకుంటా" అంటున్నావు. సరే, చేసుకో. దాచిందేం లేదు. ఎవరూ అడగలేదు, అంతే.

ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. నాకు తొమ్మిది పదేళ్లప్పుడు మా ఇంట్లో రోజూ మధ్యాహ్నం ఆ ప్రశ్న మీదే వాదన జరిగేది. మా పిల్లికి అందం తెలుసు అనేది మా అమ్మ. నా తలకాయ తెలుసు అనేది మా అత్త, అంటే మా నాయన అక్క. ఆమె మొగుడు పోయాక మా ఇంట్లోనే ఉండేది. సర్జాపుర నుంచి, ఆనేకల్ నుంచి వచ్చే నేతగాళ్లు మాత్రం తెలుసు అనే నమ్మేవాళ్లు. అవును, సర్జాపురే. ఇప్పుడు నువ్వు ఫ్లాటు కొన్న ఈ దిక్కు నుంచే. అప్పుడు ఇక్కడ ఇంటింటా మగ్గాలు ఉండేవి.

మా ఇల్లు కబ్బన్‌పేటలో ఒక సందులో. అటూ ఇటూ మగ్గాల చప్పుడు, మధ్యలో మగ్గం లేని ఇల్లు మాదొక్కటే. మాది పట్టునూలుకు రంగు వేసే ఇల్లు. నేతగాళ్లు తెల్లనూలు చిలపలు తెచ్చి ఇస్తే, మేం రంగు వేసి ఇచ్చేవాళ్లం. చిలప అంటే చుట్టచుట్టి మెలిపెట్టిన నూలు కట్ట. పెరట్లో రెండు రాగి అండాలు ఉండేవి. పొద్దున్నే మా నాయన పొయ్యి రాజేసి సబ్బు, సోడా వేసిన నీళ్లలో నూలు ఉడకబెట్టేవాడు. పచ్చిపట్టుకు ఒక బంక ఉంటుంది, అది కరిగి పోతేనే మెరుపు వస్తుంది. ఆ వాసన నీకు ఎలా చెప్పను? చెరువు బురద, ఉడికిన చింతగింజలు, తడిసిన కుక్క, మూడూ కలిసినట్టు ఉండేది. బడిలో నా పక్కన కూర్చునే పిల్లలు ముక్కు మూసుకునేవాళ్లు. మాకు మాత్రం ఆ వాసన రాని రోజు పొయ్యి వెలగని రోజు. యుద్ధం రోజులవి. నూలంతా విమానాల నుంచి దూకేవాళ్ల గొడుగులకు పోతోందని చెప్పుకునేవాళ్లు. సీమ రంగుల డబ్బాలు దొరికేవి కావు. దొరికిన డబ్బా అడుగున గీకి గీకి వాడేవాళ్లం.

మా నాయన నారాయణప్ప చేతులు మోచేతుల దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగులో ఉండేవి. ఆయన మాట తక్కువ మనిషి. అత్త ఆ కరువు తీర్చేది. గడప మీద కూర్చుని అడకత్తెరతో వక్కలు కత్తిరిస్తూ సందులో పోయే ప్రతి మనిషికీ ఒక మాట అంటించేది. మా అమ్మ పేరు లక్ష్ముదేవి, ఇంట్లో లచ్చుమి. సన్నగా ఉండేది, నడిస్తే చప్పుడు ఉండేది కాదు. సంగటి కెలికేటప్పుడు మాత్రం పళ్లు బిగించి తెడ్డు తిప్పేది. ఆమె గురించి ఇంతకంటే ఎక్కువ చెప్పమంటే నాకు రాదు. ముఖం అడిగావనుకో, నాకు ముందు ఆ తెడ్డు గుర్తొస్తుంది.

పిల్లి పేరు బూదెమ్మ. మా వైపు బూడిదను బూదె అంటారు. అది చల్లారిన పొయ్యిలోనే పడుకునేది, రంగు కూడా అదే. అండాల మధ్య తిరిగేది కాబట్టి ఒకసారి తోక కొన నీలంగా ఉండేది, ఇంకోసారి కాలు ఎర్రగా ఉండేది.

రంగు పనిలో అన్నిటికంటే కష్టం మాదిరికి జత కలపడం. నేతగాడు ఒక మాదిరి పోగు తెచ్చి, ఇదే రంగు కావాలంటాడు. దానికోసం ముందు నాలుగు చిన్న మచ్చు చిలపలు, కొంచెం కొంచెం తేడాతో, వేసి ఆరబెట్టాలి. వాటిలో మాదిరికి సరిగ్గా కలిసింది ఏదో చూసి, మిగతా నూలంతా దాని ప్రకారం ముంచాలి. దీపం వెలుతురులో ఆ పని చేయకూడదు, రంగు మోసం చేస్తుంది. మా నడిమింటి కప్పులో గాజుపలక వేసిన కన్నం ఒకటి ఉండేది, గవాచి అనేవాళ్లం. మధ్యాహ్నం దాంట్లోంచి చాపలో సగమంత ఎండ నేల మీద పడేది. అప్పుడు మా అమ్మ చాప పరిచి దాని మీద నాలుగు మచ్చులూ వరసగా పెట్టేది. నేతగాడు ఒక పక్క, నాయన ఒక పక్క కూర్చునేవాళ్లు. అందరూ చూస్తుండగా బూదెమ్మ పొయ్యిలోంచి లేచి, ఒళ్లు విరుచుకుని వచ్చి, ఒక చిలప పక్కన ముడుచుకు కూర్చునేది. నాయన ఆ చిలప తీసి మాదిరి పక్కన పట్టేవాడు. కలిసేది. ప్రతిసారీ కలిసేది.

"ఏనప్పా, మీ బెక్కు సామాన్యం కాదప్పా," అనేవాడు సర్జాపుర బసప్ప. ఆయన కన్నడం మనిషి. మాతో తెలుగు మాట్లాడేవాడు కానీ పిల్లిని మాత్రం బెక్కు అనే అనేవాడు. "మా ఇంట్లోనూ ఒక బెక్కు ఉండాది. పాలు తాగేది, మగ్గం కింద దూరి పడుగు పీకేది, అంతే దాని విద్య."

"దీనికీ అంతకన్నా ల్యాదు అన్నా," అనేది గడప మీద నుంచి అత్త. "ఎండ యాడుంటే ఆడ కూకుంటాది. దానికి అందమేంది, సందమేంది? రేపు పెంటకుప్ప మీద ఎండ పడితే దాని మీద గూడా కూకుంటాది. అప్పుడు పెంటరంగు సీరె నేస్తావా?"

"ఎండ దాని పక్కదాని మీద గూడా ఉండాది కదా వదినా," అనేది అమ్మ. "నాలుగుంటే మూడిట్ని ఇడిసి దాని పక్కకే ఎందుకు పాయె?"

"నీ మాదిరే అదీ దొంగముండ. దానికే తెలియాల."

అందరూ నవ్వేవాళ్లు. అమ్మ కూడా నవ్వేది. నాయన నవ్వేవాడు కాదు, చిలప ఎత్తి దండెం మీద వేసుకుని పెరట్లోకి పోయేవాడు. క్రమంగా నేతగాళ్లు రంగు వేసే వేరే ఇళ్లు వదిలి మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. నారాయణప్ప ఇంట్లో పిల్లి చూసి ఒప్పుకున్న రంగు అని చీర అమ్ముకునేటప్పుడు చెప్పుకునేవాళ్లట. పక్కసందు ఆడవాళ్లు పెళ్లిచూపులకు పోయే పిల్లల చీరలు తెచ్చి బూదెమ్మ ముందు పరిచేవాళ్లు. అది వాటి మీద నుంచి తొక్కుకుంటూ పోయేది. "సూడు, నీ సీర బాగాలేదంట," అని అత్త వాళ్లను ఏడిపించేది.

ఇప్పుడు ఒక మాట సంగతి చెప్పాలి. ఇది నీకు అర్థం కావాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. మన తెలుగులో ఆకు పచ్చగా ఉంటుంది. పసుపుకొమ్ము పచ్చగా ఉంటుంది. కామెర్లు వచ్చినవాడి కళ్లు కూడా పచ్చగానే ఉంటాయి. ఒకటే మాట. కన్నడం వాళ్లకు అట్లా కాదు, ఆకుకు హసిరు అంటారు, పసుపుకు అరిశిన అంటారు, రెండూ కలవవు. ఎవరైనా కన్నడం మనిషి వచ్చి రంగు నోటితో చెబితే నాయన "పచ్చ కదా, తెలుసులే" అనేవాడు. వెంటనే వంటింట్లోంచి అమ్మ గొంతు వచ్చేది. "ఏ పచ్చప్పా? ఆకుదా, అరిశినందా?" ప్రతిసారీ. నాయనకు చెవుడేమో, అందుకే అమ్మ రెండోసారి అడుగుతోందని నేను అనుకునేదాన్ని.

ఆయనకు చెవులు బాగానే ఉండేవి. ఆకు రంగూ, పసుపు రంగూ, ఇటుక రంగూ ఆయన కళ్లకు దాదాపు ఒకటే. ఇప్పుడు దానికి ఒక పేరు ఉంది, నీ ఫోన్లో చూస్తే చుక్కల బొమ్మ చూపించి పరీక్ష పెడుతుంది. అప్పుడు మాకు ఆ పేరు తెలియదు. చిన్నప్పుడు ఆకు చూపించి పచ్చ అన్నారు, పసుపు చూపించి పచ్చ అన్నారు, ఆయనకూ రెండూ అట్లాగే కనబడ్డాయి. ఆయన కళ్లకు తెలుగు సరిపోయింది. చిక్కంతా రంగు వేసే ఇంట్లో పుట్టడం దగ్గర వచ్చింది.

అమ్మకు అది పెళ్లయిన మొదటి ఏడాదే తెలిసింది. ఆ కథ మా ఇంట్లో వేరేగా చెప్పుకునేవాళ్లం. ఎవరో ఆకుపచ్చ కావాలని నూలు ఇస్తే, కొట్టువాడు డబ్బా మార్చి ఇవ్వడం వల్ల నూలంతా ఇటుక రంగు తిరిగిందట. ఆ మనిషి నాకొద్దని పారేసిపోయాడట. అమ్మ "నాకు ఆ రంగు ఇష్టం" అని, ఆ నూలుతో తనకే ఒక చీర నేయించుకుందట. ఇష్టమన్న చీర ఆమె కట్టుకోగా నేను చూడలేదు. పెట్టె అడుగున ఉండేది. పెట్టెలో పైన ఇంకో చీర ఉండేది, ఆకుపచ్చది. పండగొస్తే అదే కట్టుకునేది. ఇటుక చీర నేయించిన తర్వాత అమ్మ రంగు డబ్బాలన్నిటి మెడలకూ దారాలు కట్టింది. ఆకుపచ్చకు ఒక ముడి, పసుపుకు రెండు, ఇటుకకు మూడు. ఎలుకలు తిరుగుతాయి, గుర్తుగా ఉంటుంది అని చెప్పింది. ఎలుకలకూ ముడులకూ ఏం సంబంధమని ఎవరూ అడగలేదు. అవును, నవ్వొచ్చే సంగతే.

అమ్మకు జ్వరం వచ్చింది. టైఫాయిడ్ అన్నాడు డాక్టరు. ఇరవై ఒక్క రోజులు చూడాలన్నాడు. చూశాం. ఇరవై ఒకటో రోజు పొద్దున నేను ముఖం కడుక్కుంటుంటే అత్త గొంతు వినబడింది, తర్వాత సందులో మగ్గాలు ఒకటొకటిగా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దం నాకు వింతగా తోచింది. అంతకు మించి ఏమీ తోచలేదు. ఇళ్లల్లోంచి ఆడవాళ్లు వచ్చారు. నేను వసారాలో నిలబడి ఉన్నాను. అత్త బయటికి వచ్చి, కళ్లు తుడుచుకుని, "పాపా, పిల్లి యాడుండాదో సూడు. పట్టుకోని పెరట్లో ఉండు. ఇడవొద్దు. దాటితే మంచిది కాదు," అంది. పీనుగు ఇంట్లో ఉన్నప్పుడు పిల్లి దాటకూడదని మన వాళ్లకు పట్టింపు. నేను పొయ్యిలోంచి బూదెమ్మను తీసి, పెరట్లో అండాల వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాను. అది మొదట గింజుకుంది. తర్వాత ఊరుకుంది. దాని గుండె నా అరచేతిలో కొట్టుకుంటోంది. ఆ పొద్దంతా నాకు గుర్తున్నది అదొక్కటే. లోపల ఏం జరిగిందో నేను చూడలేదు. తలుపు సందులోంచి నాయన పెట్టె తెరిచి చీర తీసి ఆడవాళ్ల చేతికి ఇవ్వడం కనబడింది. ముత్తైదువుగా పోయింది కదా, మంచి చీర కట్టి పంపాలి. ఎత్తుకుపోయేటప్పుడు పెరటి గోడ మీదుగా చూశాను. సందు మలుపులో చీర అంచు మాత్రం కనిపించింది. ఇటుక రంగుది.

ఎవరూ ఏమీ అనలేదు. కొత్త చీర, పట్టుచీర, తప్పేముంది. నేను పిల్లిని కింద దించాను. అది పొయ్యిలోకి పోయింది.

నేను ఏడవలేదు. మొదటి రోజు ఏడవలేదు, పదో రోజూ ఏడవలేదు. వచ్చినవాళ్లు నా తల మీద చెయ్యి పెట్టి ఎదురుచూసేవాళ్లు. నాకు వాళ్ల చేతి బరువు తెలిసేది, అంతే. "ఈ పిల్లకు నీళ్లు రాలే కంట్లో. రాయి," అని అత్త ఎవరితోనో అంది. నిజమేనేమో అనుకున్నాను. సంగటి కెలకడం నేర్చుకున్నాను. తెడ్డు బరువుగా ఉండేది.

కర్మలన్నీ అయినాక కూడా నాయన అండాలు ముట్టలేదు. పెరట్లో వాసన పోయింది. తెచ్చిన నూలు తిరిగి తీసుకుపోవడానికి ఇద్దరు ముగ్గురు వచ్చారు, మరియాదగానే, కానీ తీసుకుపోయారు. అత్త ఒక రోజు అన్నం పెడుతూ అడిగింది: "నారాయణా, ఏం సేద్దామని ఉండావప్పా? ఇట్లనే కూకుంటే ఈ ఇంట్లో రంగు పని అయిపాయెనని సందంతా అనుకుంటా ఉండారు." నాయన కంచం ముందు నుంచి లేచిపోయాడు. మర్నాడే బసప్ప వచ్చాడు. ఒక మాదిరి పోగు తెచ్చాడు. ముదురు మామిడాకు రంగు. ఎవరో పెద్దింటి పెళ్లి చీర, పడుగు మొత్తం ఆ రంగే కావాలి, ఇంకెవరి దగ్గరా నమ్మకం లేదు అన్నాడు. నాయన పోగు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. సరే అన్నాడు. ఆ పని సరిగ్గా వస్తే పోయిన వాళ్లు తిరిగి వస్తారు. పడుగు పడుగే చెడిందా, ఇంక ఎవరూ మా గడప ఎక్కరు. నాకు అది అత్త చెప్పకుండానే తెలుసు.

రెండు రోజులు అండాలు వెలిగాయి. వాసన వచ్చింది. నాయన ముడులు తడిమి డబ్బాలు తీసుకోవడం నేను చూశాను. చిలకపచ్చ మరీ కళ్లలో కొట్టకుండా ఉండాలంటే దాంట్లో కొంచెం ఎరుపు కలుపుతారు, చిటికెడంత. నాలుగు మచ్చులకూ నాలుగు రకాలుగా కలిపాడు. ఒకదానికి చిటికె ఎక్కువైంది. అది ఆకు రంగు వదిలేసి ఎండుటాకు రంగుకు పోయింది. తుప్పు పట్టినట్టు ఉంది. నాలుగు ఒకే దండెం మీద ఆరుతుంటే నాయన వాటి కింద నుంచి అటూ ఇటూ తిరిగాడు, తేడా చూడలేదు.

బసప్ప వచ్చిన మధ్యాహ్నం నాయనే చాప పరిచాడు. ఎక్కడో ఒక చోట పరిచాడు. చాప సగం ఎండలో, సగం నీడలో పడింది. మచ్చులు చేతికి వచ్చిన వరసలో పెట్టాడు. మేం అందరం కూర్చున్నాం. బూదెమ్మ పొయ్యిలోంచి లేచింది, ఒళ్లు విరుచుకుంది, వచ్చింది, చాప చుట్టూ ఒకసారి తిరిగింది, ఎండ ఉన్న వైపు ముడుచుకు కూర్చుంది. తుప్పురంగు చిలప పక్కన.

"ఇదే," అన్నాడు నాయన. చిలప తీసి మాదిరి పక్కన పట్టాడు. "కలిసింది సూడప్పా."

బసప్ప వంగి చూశాడు. మొహం ఎత్తి నాయన వైపు చూశాడు. మళ్లీ చిలప వైపు చూశాడు. పిల్లి మీద గౌరవం, పెళ్లాం పోయిన మనిషి మీద జాలి, రెండూ ఆయన నోరు పట్టుకున్నాయి. అత్త చేతిలో అడకత్తెర ఆగింది. ఆమె నోరు తెరిస్తే ఏం వస్తుందో నాకు తెలుసు. నేను లేచి వెళ్లి బూదెమ్మను రెండు చేతులా ఎత్తి, మూడో చిలప పక్కన కూర్చోబెట్టాను. అది మామిడాకు. అచ్చం అదే. పిల్లి నీడలో కూర్చోనంది, లేవబోయింది. నేను వీపు మీద చెయ్యి వేసి నొక్కి పట్టాను.

"ఏం పాపా, బెక్కుకు నువ్వు పాఠం సెప్తాండావా?" అన్నాడు బసప్ప.

"దాని కాలికి తడి అంటుకోనుండాది," అన్నాను. "ఎండకు పోయి ఆరబెట్టుకునె. ఇప్పుడు సరిగా సూస్తాది."

నాయన నా చేతిని చూశాడు. పిల్లి వీపు మీద ఉన్న చేతిని. తర్వాత తుప్పు చిలప కింద పెట్టి, మూడోది తీసుకుని బసప్పకు ఇచ్చాడు. "మొదట అది సరిగా సూడలేదప్పా. ఇప్పుడు సూసింది," అన్నాడు. బసప్ప మాదిరి పక్కన పెట్టి, "ఆఁ, హసిరు అంటే ఇదీ!" అని గట్టిగా ఊపిరి వదిలాడు. అత్త వక్క కత్తిరించడం మొదలుపెట్టింది. ఆ పూట ఆమె పిల్లి గురించి ఏమీ అనలేదు. నాకు తెలిసి ఆ తర్వాత ఇంకెప్పుడూ అనలేదు.

బసప్ప వెళ్లాక అత్త వంటింట్లోకి పోయింది. నేనూ నాయనా మిగిలాం. చాప ముందు ఉంది. నన్ను తిడతాడనుకున్నాను. ఆయన చాప కొస పట్టుకుని జానెడు లాగాడు. తుప్పు చిలప నీడలోకి పోయింది, మూడో చిలప ఉన్న చోటికి ఎండ వచ్చింది. బూదెమ్మ లేచి, ఎవరూ చెప్పకుండా, అక్కడికి పోయి కూర్చుంది.

"పిల్లిని ఎత్తకూడదు పాపా," అన్నాడు. "చాప జరపాల. మీ అమ్మ పిల్లిని ముట్టేదే కాదు."

అంటే ఆయనకు తెలుసు. మొదటి నుంచీ తెలుసు. తనకు తెలియదని అమ్మ అనుకుంటోంది కాబట్టి ఆ పదేళ్లూ ఒక్క మాట అనకుండా, పిల్లి చూపించిందే తీసుకుని పెరట్లోకి పోయాడు. అమ్మకు కూడా ఆయనకు తెలుసని తెలుసో ఏమో. అది అడగడానికి మనుషులు లేరు.

ఆ తర్వాత నాకు పెళ్లయ్యేదాకా చాప నేనే జరిపాను. బూదెమ్మ పోయి దాని పిల్ల వచ్చింది, అదీ ఎండకే వచ్చింది. పిల్లులన్నీ ఎండకే వస్తాయి. నా తర్వాత మా ఇంటికి వచ్చి ఉన్న చిన్నమ్మ కూతురు జరిపింది. తర్వాత రంగులు ఫ్యాక్టరీల్లో కలిపి పంపడం మొదలైంది, అంకె చెబితే చాలు, అదే రంగు వస్తుంది. ఇప్పుడు నువ్వు చీర కొనడానికి ముందు ఫోన్లో దాని మీద వేలు పెట్టి రంగు మార్చి మార్చి చూస్తావు. బాగుంది. ఎవరి కళ్లనూ ఎవరూ కాయాల్సిన పని లేదు. కబ్బన్‌పేటలో మా సందుకు ఒకసారి నీ తల్లి తీసుకుపోయింది. ఇల్లు ఉన్నచోట కార్డుబోర్డు పెట్టెల గోడౌను ఉంది. నాకేమైనా అనిపిస్తుందని ఆమె నా మొహం చూస్తూ నిలబడింది. ఎండగా ఉంది, పోదాం పద అన్నాను. నువ్వు ఈ మధ్య అడుగుతావే, అవ్వా నీకు దేనికీ ఏడుపు రాదా అని. వచ్చేది ఉంటే అప్పుడే వచ్చి ఉండాలి. అప్పుడు నా చేతుల్లో పిల్లి ఉంది.

ఆ మధ్యాహ్నం సంగతి ఇంకా అవలేదు. నేను మచ్చులు ఏరి కట్ట కడుతున్నాను. నాయన చాప పక్కనే కూర్చుని ఉన్నాడు. చూసి చెప్పే మనిషి ఒకరు ఇంట్లో మళ్లీ ఉన్నారని ఆయనకు అప్పుడే తెలిసింది కదా. అందుకే అడిగాడు.

"పాపా. ఆ పొద్దు నేను పెట్టెలోంచి తీసిచ్చిన సీర... అది ఆకుదేనా?"

నేను కట్ట కట్టడం ఆపలేదు. అబద్ధం చెప్పొచ్చు. పచ్చదే నాయనా అంటే చాలు, ఆయనకు సరిపోయేది, ఆయన కళ్లకు అదీ పచ్చే కాబట్టి అందులో సగం అబద్ధం కూడా కాదు. అమ్మ ఉంటే అదే చెప్పేదేమో. కానీ ఆమె చెప్పే అబద్ధాలన్నీ పిల్లి చేత చెప్పించింది, నోటితో ఎప్పుడూ చెప్పలేదు.

"కాదు నాయనా. ఇటికె రంగుది."

"అదా," అన్నాడు. "అది ఆమె ఎన్నడూ కట్టలేదే."

"ఊ."

"బాగుండిందా?"

నేను చేతిలో నూలు పట్టుకుని నిలబడ్డాను. ఆయన నా వైపు చూస్తున్నాడు. నా జీవితంలో ఆయన నన్ను ఒక రంగు గురించి నోరు తెరిచి అడిగింది అదొక్కసారే.

"నేను సూడలేదు నాయనా. అత్త పిల్లిని పట్టుకోమనె. పెరట్లో ఉంటిని."

"రంగు ఎట్ల తెలిసె మరి?"

"సందు మలుపుకాడ అంచు సూస్తిని. అంతే."

"అంచు ఎట్లుండె?"

ఇప్పటిదాకా నేను ఆలోచిస్తూనే ఉన్నాను, దానికి ఏం చెప్పి ఉండాల్సిందని. బాగుండె అని ఉండొచ్చు. నేను చూసింది చెప్పాను.

"ఎండ పడతా ఉండె," అన్నాను.

ఆయన తల ఊపాడు. పిల్లిని లేవగొట్టి, చాప చుట్టి, గోడకు నిలబెట్టి, అండాల దగ్గరికి పోయాడు.